హస్త మబ్బు పల్లెలో ఉరిమితే పాతబస్తీకి వరద

హైదరాబాద్ పాతబస్తీ: ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో మూసీ వైపున వందల ఏళ్ల నాటి చింతచెట్టు ఒకటి ఉంది. వైద్యానికని వచ్చే పల్లె జనంలో చాలామంది దాన్ని చూసే ఉంటారు గాని దాని సంగతి తెలిసినవారు తక్కువ. 1908 సెప్టెంబరు 28న, సోమవారం నాడు, మూసీ కట్టు తెంచుకొని అఫ్జల్‌గంజ్ మీద పడినప్పుడు ఈ చెట్టు కొమ్మలు పట్టుకొని నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. కింద వరద, పైన వాన. చుట్టుపక్కల బస్తీలు కళ్లెదుటే కొట్టుకుపోయాయి. ఆ ఒక్క రోజు వరదకు బలైనవారు పదిహేను వేల మంది ఉంటారని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతురినీ ఆ వరదలోనే పోగొట్టుకున్నారు.

అప్పటికి హస్త కార్తె ప్రవేశించింది. ఉత్తర చూసి ఎత్తర గంప అని రైతులు అనుకునే మాట ఉంది గదా, ఉత్తర కార్తెలో వాన లేకపోతే ఊరు విడిచి పోవలసిందేనని. ఉత్తర దాటినంత మాత్రాన గండం గడిచినట్లు కాదని మాత్రం ఈ జిల్లా అనుభవం చెబుతోంది. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మూడో వారం దాకా, అంటే ఉత్తర, హస్త, చిత్త కార్తెల్లో, ఈ మైదానం మీద పడే వాన తీరే వేరు. ఆషాఢ, శ్రావణాల్లో మాదిరి రోజుల తరబడి ముసురు పట్టదు. పొద్దున్నంతా ఎండ కాస్తుంది. మధ్యాహ్నం మూడు దాటాక పడమటనో తూర్పుననో నల్లని మబ్బు లేస్తుంది. గంటలో కుండపోత, ఉరుములు, పిడుగులు. పక్క ఊళ్లో దుమ్ము కూడా తడవదు.

ఇలా ఎందుకు జరుగుతుందో వాతావరణ శాస్త్రం వివరిస్తున్నది. అప్పటికి నైరుతి రుతుపవనాలు వెనుదిరిగే వేళవుతుంది. నేలలో మూడు నెలల వాన తడి నిండుగా ఉంటుంది, ఆకాశం తెరిపిచ్చి ఎండ చురుక్కుమంటుంది. ఆ ఎండకు నేల మీది తేమ గాలి వేడెక్కి పైకి లేస్తుంది. ఎత్తుకు పోయేకొద్దీ చల్లబడి నీటి బిందువులుగా, ఇంకా పైన మంచు పలుకులుగా మారుతుంది. పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తు వరకు గోపురం మాదిరి పెరిగే ఈ మబ్బునే క్యుములోనింబస్ అంటారు. లోపల మంచు పలుకులు ఒకదానితో ఒకటి రాసుకోవడం వల్ల విద్యుత్తు పుడుతుంది. అది నేలకు దిగితే పిడుగు. దీనికి తోడు బంగాళాఖాతంలో ఒక అల్పపీడనమో వాయుగుండమో లేచిందంటే తేమకు కొదువ ఉండదు, ఊరికొక మబ్బుగా కురవవలసినది జిల్లా అంతటా ఒకేసారి కురుస్తుంది.

1908లో జరిగినది ఇటువంటిదే. వాన పడింది ఒక్క నగరం మీదనే కాదు. అనంతగిరి కొండల నుంచి శంషాబాద్ దాకా, మూసీ, ఈసీ వాగులు పారే పల్లెలన్నింటి మీదా పడింది. మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుండగా వాటిలో 221 తెగిపోయాయని తరువాత లెక్క తేలింది. ఒక చెరువు తెగితే ఆ నీరు కింది చెరువు కట్ట మీద పడుతుంది. అది తెగితే ఆ రెండింటి నీరూ మూడో చెరువు మీద పడుతుంది. గొలుసుకట్టు చెరువుల కింద బతికే రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. మూసీ మీది అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి. 1578లో కుతుబ్‌షాహీలు కట్టించిన పురానాపూల్ మాత్రం నిలిచింది. ఆ వంతెన మీదనే తరువాతి కాలంలో కూరగాయల అంగళ్లు వెలిశాయి.

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ నిరాశ్రయుల కోసం తన దేవిడీల తలుపులు తెరిపించారు. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించి వరద కారణాలు విచారణ చేయించారు. నగరానికి ఎగువన రెండు పెద్ద జలాశయాలు కడితే గాని ఈ నది అదుపులో ఉండదని ఆయన తేల్చారు. దాని ఫలితమే మూసీ మీద 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. జనం గండిపేటను మంచినీళ్ల చెరువుగా గుర్తు పెట్టుకున్నారు గాని, దాన్ని కట్టింది మొదట వరద ఆపడానికే.

జలాశయాలు వచ్చాక నదికి భయపడవలసిన అవసరం లేదని నగరం భావించినట్లుంది. నదిగర్భంలోనే ఇళ్లు లేచాయి. మూసీ రెండు పాయల నడుమ మహాత్మాగాంధీ బస్ స్టేషన్ లేచింది. 2025 సెప్టెంబరు 26 రాత్రి, బతుకమ్మ, దసరా పండుగలకు ఊళ్లకు పోయే జనంతో కిటకిటలాడుతున్న ఆ బస్ స్టేషన్‌లోకి మూసీ నీరు వచ్చి చేరింది. వికారాబాద్, రంగారెడ్డి ప్రాంతాల్లో భారీ వర్షాలు కురిసి జంట జలాశయాలు నిండగా, గేట్లెత్తి ముప్పై వేల క్యూసెక్కులకు పైగా నీటిని కిందికి వదిలారు. పిల్లాపాపలతో, మూటాముల్లెలతో నీళ్ల మధ్య చిక్కుకున్న ప్రయాణికులను సహాయ సిబ్బంది తాళ్ల సాయంతో బయటికి చేర్చవలసి వచ్చింది. చాదర్‌ఘాట్, మూసానగర్ బస్తీల వారు ఇళ్లు వదిలి శిబిరాలకు చేరారు. చేవెళ్ల, షాబాద్ పొలాల మీద పడిన వాన తమ బస్సును ఆపుతుందని ఆ ప్రయాణికుల్లో ఎవరూ అనుకొని ఉండరు.

నది ఒడ్డు కాని చోట్ల కూడా పాతబస్తీకి ఈ కార్తెల్లో నెమ్మది లేదు. 2020 అక్టోబరు 13 తెల్లవారుజామున కాకినాడ సమీపంలో తీరం దాటిన తీవ్ర వాయుగుండం ఆ సాయంత్రానికి తెలంగాణ మీదికి వచ్చింది. మరునాటి పొద్దుటికి ఘట్‌కేసర్ ప్రాంతంలో 32 సెంటీమీటర్లు, బేగంపేటలో 19 సెంటీమీటర్ల వర్షం నమోదయింది. అక్టోబరు నెలలో ఒక్క రోజులో బేగంపేటలో ఇంత వాన శతాబ్దానికి పైగా ఎన్నడూ పడలేదు. బండ్లగూడ మహమ్మదియా హిల్స్‌లో పెద్ద గోడ ఇళ్ల మీద కూలి చిన్నపిల్లలతో సహా పలువురు మరణించారు. పల్లె చెరువు పొంగి ఇళ్ల మీద పడింది. గగన్‌పహాడ్ వద్ద అప్పా చెరువుకు గండిపడి బెంగళూరు జాతీయ రహదారి కోసుకుపోయింది. ఫలక్‌నుమా వంతెన దెబ్బతిన్నది.

ఆ తరువాత జరిగిన సంగతి ఇంకా గమనించదగినది. వాయుగుండం వెళ్లిపోయింది, గండం గడిచిందని జనం ఇళ్లలోని బురద ఎత్తుకుంటున్న తరుణంలో అక్టోబరు 17 రాత్రి మళ్లీ ఉరుములతో కుంభవృష్టి కురిసింది. అప్పటికే నిండి ఉన్న గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్‌బాబానగర్ నీట మునిగింది. మొదటి వాన మాదిరి దీనికి సముద్రం నుంచి కదిలి వచ్చిన పేరున్న వాయుగుండం లేదు. అది సాయంకాలం లేచిన ఉరుముల మబ్బుల పని. కట్టలు నానిపోయి ఉన్నప్పుడు అటువంటి మబ్బు చాలు.

ఇంతకూ ముందుగా తెలిసే మార్గమేమిటి? నిజాం కాలంలో నవాబ్ జఫర్ జంగ్ 1901లో పాతబస్తీ ఫిసల్‌బండలో నిజామియా వేధశాలను నెలకొల్పారు. అది ప్రధానంగా నక్షత్రాలు చూసే శాల, తరువాత బేగంపేటకు తరలిపోయింది. వానల సంగతి చూసే భారత వాతావరణ శాఖ కేంద్రం కూడా బేగంపేటలోనే ఉంది. ఒకప్పుడు పల్లెలో రేడియో వార్తల చివర వచ్చే నాలుగు ముక్కలే ఆధారం. ఆ వాక్యాలు విని, చెప్పింది ఒకటి, పడింది ఒకటి అని రచ్చబండ మీద నవ్వుకోవడం పరిపాటి. వాస్తవానికి ఆ మాటలకు కట్టుదిట్టమైన అర్థాలున్నాయి. ఒకటి రెండు చోట్ల వర్షాలు అంటే ఆ ప్రాంతంలోని వాన కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా పడుతుందని. కొన్ని చోట్ల అంటే సగం వరకు. అనేక చోట్ల అంటే ముప్పాతిక వరకు. దాదాపు అన్ని చోట్ల అంటే అంతకు మించి. కనుక ఒకటి రెండు చోట్ల అని చెప్పిన రోజున మీ ఊరికి వాన రాకపోతే సూచన తప్పినట్లు కాదు, పక్క మండలంలో పడే ఉండవచ్చు.

వాన ఎంత అన్నదానికీ లెక్క ఉంది. ఒక రోజులో ఆరున్నర సెంటీమీటర్లు దాటితే భారీ వర్షం, పదకొండున్నర దాటితే అతి భారీ, ఇరవైన్నర దాటితే అత్యంత భారీ. రంగులు కూడా పెట్టారు. పసుపు రంగు ఇస్తే కనిపెట్టుకొని ఉండాలని, నారింజ ఇస్తే సిద్ధపడాలని, ఎరుపు ఇస్తే వెంటనే జాగ్రత్త చర్యలు తీసుకోవాలని అర్థం.

వాయుగుండం సంగతి నాలుగైదు రోజుల ముందే చెప్పగలుగుతున్నారు. ఉరుముల మబ్బు అలా కాదు. అది పుట్టేదీ గిట్టేదీ రెండు మూడు గంటల్లోనే. ఫలానా ఊరి మీద ఫలానా గంటకు పిడుగు పడుతుందని ముందు రోజు చెప్పగలవారు ప్రపంచంలో ఎవరూ లేరు. జిల్లాలో ఉరుములు మెరుపులకు అవకాశం ఉందని ముందు రోజు చెబుతారు. మబ్బు లేచాక డాప్లర్ రాడార్‌తో దాని నడక చూసి, రాబోయే మూడు గంటలకు ఏయే జిల్లాలకు ముప్పో హెచ్చరిక ఇస్తారు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన దామిని యాప్ సెల్‌ఫోన్‌లో పెట్టుకుంటే, ఇరవై, నలభై కిలోమీటర్ల లోపు పిడుగులు పడుతుంటే చూపిస్తుంది. పైరుకు మందు కొట్టవచ్చునా, మక్క కోయవచ్చునా వంటి విషయాలకు మేఘదూత్ యాప్‌లో మంగళ, శుక్రవారాల్లో జిల్లాల వారీ సలహాలు వస్తాయి.

ఇబ్బంది ఎక్కడంటే, మధ్యాహ్నం మూడు గంటలకు హెచ్చరిక వచ్చే వేళకు ఫోను ఇంట్లో చార్జింగులో ఉంటుంది, మనిషి పత్తి చేలో ఉంటాడు. గొర్రెల కాపరి గుట్ట మీద ఉంటాడు, అక్కడ సిగ్నలు ఉండదు. పంచాయతీ మైకులో ఇంటిపన్ను సంగతి చాటుతారు, కరెంటు కోత సంగతి చాటుతారు. అదే మైకులో నారింజ రంగు వచ్చిందని రెండు ముక్కలు చెప్పడానికి ఖర్చేమీ లేదు.

దేశంలో పిడుగుపాటుకు మరణించినవారు 2020లో 2,862 మంది, 2021లో 2,880 మంది, 2022లో 2,887 మంది అని జాతీయ నేర గణాంకాల సంస్థ నమోదు చేసింది. వీరిలో ఎక్కువమంది పొలాల్లో పనిచేసేవారు, పశువులు మేపేవారు. వాన మొదలు కాగానే చెట్టు కిందికి పరుగెత్తడం మన అలవాటు. పిడుగు ఎత్తైన వస్తువును వెతుక్కుంటుంది గనుక చదును చేలో ఒంటరిగా నిలిచిన చెట్టే దానికి మొదటి దారి. చెట్టు మీద పడిన పిడుగు మొదలు పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది, వేళ్ల వెంట నేలలో పాకుతుంది. వరద నాడు నూటయాభై మందిని కాచిన చింతచెట్టే అయినా ఉరుముల వేళ దాని కిందికి పోరాదు.

మెరుపు మెరిసినది మొదలు ఉరుము వినబడే దాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నదో తెలుస్తుంది. ముప్పై లెక్క పూర్తికాక ముందే ఉరిమితే అది పది కిలోమీటర్ల లోపే ఉన్నట్లు. అప్పుడే పని వదిలి పక్కా ఇంట్లోకి గాని, తలుపులు మూసిన బస్సు, కారు వంటి వాహనంలోకి గాని చేరాలి. మంచె, గడ్డి పందిరి, రేకుల చాటు కాపాడవు. చెరువులో, వరి మడి నీళ్లలో ఉన్నవారు వెంటనే గట్టెక్కాలి. కరెంటు మోటారు, ఇనుప కంచె తాకరాదు. పోవడానికి ఏ చోటూ లేకపోతే పడుకోరాదు. పాదాలు దగ్గర పెట్టి, తల వంచి, గొంతుక్కూర్చోవాలి. పదిమంది కూలీలుంటే ఒకచోట గుమిగూడక ఎడంగా కూర్చోవాలి. చివరి ఉరుము విన్న తరువాత అరగంట ఆగి గాని పనిలోకి దిగరాదు. వాన వెలిసిందని వెంటనే బయలుదేరినవారు కూడా పిడుగు బారిన పడుతుంటారు.

పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందని భయపడి దూరంగా నిలబడేవారున్నారు. అది అపోహ. ఆ శరీరంలో కరెంటు ఉండదు. గుండె ఆగినట్లుంటే రొమ్ము మధ్య రెండు చేతులతో గట్టిగా, వడివడిగా నొక్కుతూ, 108కి ఫోను చేయించాలి. పేడలో పాతిపెట్టడం వంటి వాటితో పోగొట్టే నిమిషాల్లోనే ప్రాణం పోతుంది.

పెళ్లి బట్టలకు పత్తర్‌గట్టీకి, సరుకులకు బేగంబజారుకు, రోగమొస్తే ఉస్మానియాకు వచ్చే జిల్లా వాసులు ఈ మూడు కార్తెల్లో బయలుదేరే ముందు ఆ నాటి సూచనతో పాటు హిమాయత్‌సాగర్ గేట్ల సంగతి కూడా కనుక్కోవడం మంచిది. దాని నిండు మట్టం 1,763.50 అడుగులు, ఉస్మాన్‌సాగర్‌ది 1,790 అడుగులు. నీరు ఆ అంకెల దరిదాపులకు వచ్చి, ఎగువన నారింజ రంగు ఉన్న రోజున, మూసీ ఒడ్డు దారి మానుకొని ఎత్తు మీది దారి పట్టవచ్చు. చిత్త కార్తె అక్టోబరు 23 దాకా ఉంటుంది.