సిస్టర్... ఇటెందుకొచ్చారు?

మీకు తెలుసా? సేవకు రమ్మని దేవుడు తనను పిలిచాడని ఫ్లోరెన్స్ నైటింగేల్ రాసుకున్నది 1837లో, 16 ఏళ్ల వయసులో. ఆసుపత్రిలో కొలువు దొరికింది మాత్రం 33వ ఏట! మధ్యలో అడ్డుపడింది దెయ్యాలు కాదు, అమ్మానాన్నలే. జీతం ఎంతంటారా? సున్నా. చివరికి ఆ నాన్నగారే ఏడాదికి 500 పౌండ్లు ఇచ్చి పోషించారు.

అమెరికా మహాకవి వాల్ట్ విట్మన్‌ను ఇటు లాక్కొచ్చింది ఒక పేపరు, మీకు తెలుసా? 1862 డిసెంబరు. అంతర్యుద్ధంలో గాయపడ్డవాళ్ల జాబితాలో తమ్ముడి పేరులాంటిది, అదీ తప్పు స్పెల్లింగుతో, కనబడింది. పరుగెత్తాడు. దారిలో రైలు మారుతుంటే జేబు కొట్టేశారు! తీరా చూస్తే తమ్ముడికి చెంప మీద చిన్న గాయం. ఇంకొకరైతే ఇంటికొచ్చేసేవారు. ఈయన వాషింగ్టన్‌లో ఆగిపోయి వార్డుల్లో నారింజలు పంచాడు, సైనికులకు ఉత్తరాలు రాసిపెట్టాడు. తన లెక్కలో 600కు పైగా సందర్శనలు. ఆ జేబుదొంగకు ఈ సంగతి తెలియనే తెలియదు!

యూనిఫాం మోజు తెలుసా? 1943లో అమెరికా సర్కారు నర్సింగ్ చదవడానికొచ్చే అమ్మాయిలకు ఫీజు మాఫీ, నెలకు 15 డాలర్లతో మొదలయ్యే స్టైపెండ్, ఎర్ర భుజకీర్తుల బూడిదరంగు సూటు, పైన టోపీ ఇస్తామంది. దాదాపు 1,79,000 మంది చేరిపోయారు. టోపీకి ఎన్ని మార్కులో మీరే వేయండి!

అదే అమెరికా సైన్యం నర్సుల దళంలో మగవాళ్లకు 1955 దాకా ప్రవేశమే లేదు, తెలుసా? మన వార్డుల్లో ఇప్పటికీ గడ్డం ఉన్న మనిషి సెలైన్ మార్చడానికొస్తే, "సిస్టరూ, కాస్త మెల్లగా" అంటుంది బామ్మ. ఆయన నవ్వి, "బ్రదర్ అనండమ్మా" అంటాడు. మరుక్షణం మళ్లీ "సిస్టరూ!"

డాక్టరు కావాలని నర్సింగ్ చదివేవాళ్లుంటారేమో. ఫిలిప్పీన్స్‌లో తిరగేశారు! 2004 వైద్య పరీక్షలో దేశానికే ఫస్టొచ్చిన డాక్టరు నర్సుగా అమెరికా వెళ్లాడు. డాలరుకు స్టెతస్కోపు అక్కర్లేదు మరి.

తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన నర్సులకు జర్మన్ నేర్పించి పంపుతోంది, మీకు తెలుసా? "ఎక్కడ నొప్పి?" అనాలంటే అక్కడ "వో టూట్ ఎస్ వే?" జవాబుకు మాత్రం ట్యూషన్ అక్కర్లేదు. ఏ దేశపు తాతగారైనా ముందు మూలుగే!