అటక మీది వాల్వు రేడియో: తొందరపడి ప్లగ్గు పెడితే పొగే

అటకలు దులిపేటప్పుడో, పాత మిద్దె పడగొట్టేటప్పుడో ఏదో ఒక ఇంట వాల్వు రేడియో బయటపడుతూనే ఉంటుంది. చెక్కపెట్టె, ముందువైపు గుడ్డ, గాజు డయలు మీద ఊళ్ల పేర్లు. విజయవాడలో ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. చేతిలో పట్టే ట్రాన్సిస్టర్లు వచ్చేవరకు ఊరికి ఒకటో రెండో ఉండే ఇలాంటి సెట్ల చుట్టూనే జనం చేరేవారు. పోస్టాఫీసులో లైసెన్సు డబ్బు కట్టి మరీ వినేవారు. అటువంటి సెట్టు కనబడగానే ఇంట్లో కుర్రవాళ్లు చేసే మొదటి పని వైరు తీసి ప్లగ్గులో పెట్టడం. రెండు నిమిషాలు గుర్రుమంటుంది. ఆ తర్వాత కమురు కంపు, పొగ. అటక మీద నలభై ఏళ్లలో జరగని నష్టం ఆ రెండు నిమిషాల్లో జరిగిపోతుంది.

వాల్వు రేడియోలో ముందుగా చెడేది వాల్వేనని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. వాల్వు పనిచేసినప్పుడే అరుగుతుంది, ఊరకే ఉంటే ఏళ్లతరబడి అలాగే ఉంటుంది. గాజు లోపల వెండిపూత మెరుస్తున్నదంటే గాలి చొరబడలేదని అర్థం. ఆ పూత పాలలా తెల్లబడితే మాత్రం దాని పని అయిపోయినట్టే. ఊరకే ఉన్నా చెడిపోయేవి కండెన్సర్లు. పెద్ద కండెన్సర్లలోని రసాయనం ఎండిపోతుంది. మైనం పూసిన కాగితపు కండెన్సర్లు తేమ పీల్చుకొని, ఆపవలసిన కరెంటును కారనిస్తాయి.

కాబట్టి ముందు వెనుక అట్ట విప్పి, వాల్వుల మీది అక్షరాలు చదవాలి. ఫిలిప్స్, మల్లార్డ్ రకం వాల్వుల్లో మొదటి అక్షరమే సెట్టు జాతకం చెబుతుంది. ఇ.సి.హెచ్.81, ఇ.ఎల్.84 వంటి 'ఇ' వాల్వులైతే లోపల ఎర్రగా వెలిగే వత్తికి 6.3 వోల్టులు కావాలి, సాధారణంగా ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. 'యు' అయితే వత్తులన్నీ పెళ్లిపందిట్లో సీరియల్ బల్బుల్లా ఒకే వరుస. ఒకటి మాడితే అన్నీ ఆరిపోతాయి. ఒక్క వాల్వూ వెలగడం లేదని ఇలాంటి సెట్టును పాత ఇనుము వాడికి తూకానికి వేయడం తెలివితక్కువ పని. డి.కె.96, డి.ఎల్.96 వంటి 'డి' వాల్వులుంటే అది కరెంటు రాని ఊళ్ల కోసం చేసిన బ్యాటరీ సెట్టు. వత్తికి ఒకటిన్నర వోల్టు, మిగతా పనికి 90 వోల్టుల బ్యాటరీ. దీనికి నేరుగా ఇంటి కరెంటు తగిలిస్తే వాల్వులు రెప్పపాటులో పోతాయి.

ట్రాన్స్‌ఫార్మర్ సెట్టయినా మొదటిసారి నేరుగా ప్లగ్గు పెట్టకూడదు. మధ్యలో 60 వాట్ల బల్బు వరుసగా కలపాలి. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే నయం. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టు, వెంటనే ఆపేయాలి. దీనికి ఎల్.ఇ.డి. బల్బు పనికిరాదు, పాత తీగ బల్బే కావాలి. ఇప్పుడు వాల్వు దొరకడం కన్నా అది దొరకడమే కష్టమయ్యేట్టున్నది!

సెట్టు పలికి, వెనుక ఎడతెగని గుర్రు వినిపిస్తే కరెంటును నునుపు చేసే పెద్ద కండెన్సర్లు మార్చాలి. అసలు ప్రమాదం చప్పుడు చేయని చిన్న కండెన్సరుతో. స్పీకరును పలికించే ఇ.ఎల్.84 వాల్వు గ్రిడ్డుకు ధ్వనిని అందించేది అదే. అది కారితే ఆ వాల్వు మోయలేనంత కరెంటు లాగుతుంది, లోపలి రేకు ఎర్రబడుతుంది, చివరకు ట్రాన్స్‌ఫార్మరే మాడుతుంది. కొద్ది రూపాయల వస్తువు ముందుగా మార్చకపోతే దొరకని వస్తువు పోతుంది. పాటలు వినిపిస్తున్నాయి కదా అని దీన్ని వదిలేయడమే ఎక్కువమంది చేసే పొరపాటు. గరగరలకు మాత్రం వాల్యూం కంట్రోలు, బ్యాండు స్విచ్చి శుభ్రం చేస్తే చాలు. డబ్బాల మీది మరలు తిప్పి చూడటం మహా చెడ్డ అలవాటు. అవి 455 కిలోహెర్ట్జ్‌కు సరిచేసినవి, మీటరు లేకుండా మళ్లీ కుదరవు.

ఇక ప్రాణం సంగతి. 'యు' రకం సెట్టులో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు గనుక ఇనుప ఛాసిస్‌కే కరెంటు ఉండవచ్చు. నాబు ఊడిన కడ్డీని తడిచేత్తో ముట్టుకోవడం చావుతో ఆడుకోవడమే. ఏ రకమైనా సరే, ప్లగ్గు పీకిన తర్వాత కూడా కండెన్సర్లలో 250 వోల్టుల వరకు నిలవ ఉండవచ్చు. పని తెలిసినవారు కూడా ముందు దాన్ని రెసిస్టరుతో దింపి, మీటరుతో చూసి, ఆ తర్వాతే చెయ్యి పెడతారు.

బాగుపడ్డాక ఏం వినిపిస్తుందన్నది మరో ప్రశ్న. మన దేశంలో ఎఫ్.ఎం. 1977లో మద్రాసులో మొదలైంది. అంతకు ముందటి మన సెట్లలో ఎక్కువ భాగం మీడియం వేవ్, షార్ట్ వేవ్‌లకే పరిమితం. జర్మనీ సెట్లలో యు.కె.డబ్ల్యు. అని రాసిన బ్యాండే ఎఫ్.ఎం. మిగతా బ్యాండ్లు మోగుతూ అది ఒక్కటే మూగబోతే ముందుగా ఇ.సి.సి.85 వాల్వును అనుమానించాలి. అయితే ఆ పాత డయళ్లు చాలావరకు 100 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతాయి. మన ఎఫ్.ఎం. 108 వరకు ఉన్నది. ఆ పై కేంద్రాలు దొరకలేదని మెకానిక్కును నిందించి లాభం లేదు. మీడియం వేవ్‌కు ఇరవై అడుగుల రాగి తీగ ఏరియల్‌గా కట్టి, ఇంట్లో ఎల్.ఇ.డి. బల్బులు, సెల్‌ఫోను ఛార్జర్లు ఆపి చూస్తే గరగర చాలావరకు తగ్గుతుంది.