సంఘం సభ్యుల వివరాలు యాప్‌లోకి ఎక్కిస్తున్నారా? ముందు ఇవి తేల్చుకోండి!

గుడి, చర్చి, మసీదు.. ఏ కమిటీ అయినా సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు, చందాల లెక్కలు రిజిస్టర్ నుంచి కంప్యూటర్‌లోకి మార్చాలనుకుంటే, సాఫ్ట్‌వేర్ కొనేముందే కొన్ని విషయాలు తేల్చుకోవాలి.

దశలవారీగా అమల్లోకి వస్తున్న 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం.. ఏ వివరం ఎందుకు అడుగుతున్నారో చెప్పి, సమ్మతి తీసుకోవాలి. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. డేటా భద్రత గాలికొదిలేస్తే జరిమానా రూ.250 కోట్ల వరకూ పడొచ్చు.

అందుకే అవసరం లేకుండా ఆధార్ కాపీలు అడగొద్దు. చందాల లెక్క కోశాధికారి లాంటి బాధ్యులకే కనిపించాలి. కమిటీ మారిన రోజే పాస్‌వర్డ్‌లూ మార్చేయాలి. ఎవరిది ఏ మతం, ఇల్లెక్కడ, ఎంత ఇచ్చారు.. ఈ లిస్టు ఒక్కసారి బయటికి పోతే మళ్లీ వెనక్కి రాదు.