మెలిపడిన కడ్డీ మీద నిలిచే కారు: ముందు ఎత్తు విశేషాలు

పాత కారు కొనేవాళ్లు రంగు చూస్తారు, ఇంజిన్ చప్పుడు వింటారు. చేయి తిరిగిన మెకానిక్ మాత్రం నాలుగడుగులు వెనక్కి వేసి, బండి ఎలా నిలబడిందో చూస్తాడు. ముందు భాగం కుంగిందా, ఒక పక్కకి ఒరిగిందా అన్నదాన్ని బట్టే ఆ కారు ఆరోగ్యం సగం తెలిసిపోతుంది. ఆ ఎత్తు గురించి కొన్ని సంగతులు:

◆ ఒకప్పుడు మన ఊళ్లలో ప్రభుత్వ కారు అంటే గుర్తుకొచ్చేది అంబాసిడర్. బ్రిటన్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 దీనికి మాతృక. అందులో ముందు చక్రాలకు చుట్ట స్ప్రింగులు ఉండవు, వాటి పని చేసేది టార్షన్ బార్ అనే పొడవాటి ఉక్కు కడ్డీ. దాని ఒక కొస ఛాసిస్‌కి బిగించి ఉంటుంది, రెండో కొస చక్రాన్ని మోసే చేతికి. చక్రం గతుకెక్కితే కడ్డీ తడిబట్ట పిండినట్టు మెలితిరుగుతుంది. ఆ మెలి విప్పుకునే బలమే బండిని మోస్తుంది.

◆ ఫెర్డినాండ్ పోర్షే టార్షన్ బార్ సస్పెన్షన్‌కి పేటెంట్ కోరింది 1931లో. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ ట్రాక్సియాన్ అవాన్ 1934లోనే దీన్ని వాడింది. అలెక్ ఇసిగోనిస్ రూపొందించి, 1948లో జనం ముందుకొచ్చిన మోరిస్ మైనర్ ముందు చక్రాలదీ ఇదే పద్ధతి.

◆ కడ్డీ మందం కొంచెం మారినా గట్టిదనం ఎంతో మారుతుంది. మందం 10 శాతం పెరిగితే గట్టిదనం సుమారు 46 శాతం పెరుగుతుంది. పొడవు పెరిగితే మాత్రం కడ్డీ మెత్తబడుతుంది.

◆ కడ్డీని మరికాస్త మెలితిప్పి బండిని లేపితే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. ఛాసిస్ వైపు కొసను తిప్పినప్పుడు మారేది బండి నిలిచే ఎత్తు మాత్రమే. కడ్డీ గట్టిదనం ఎప్పటిలాగే ఉంటుంది. అందుకే గతుకుల్లో అడుగు తగులుతోందని కడ్డీని తిప్పేసి ఊరుకుంటే అసలు జబ్బు అలాగే మిగిలిపోతుంది.

◆ ఎడమ కడ్డీని కుడివైపు బిగించకూడదు. తయారీలోనే దాన్ని ఒక దిశలో మెలితిప్పి ఆ దిశకు అలవాటు చేస్తారు. ఎదురు దిశలో వాడితే త్వరగా కుంగుతుంది, విరిగే ప్రమాదమూ ఉంది. విప్పేముందే గుర్తు పెట్టుకోవాలి. కడ్డీ ఒంటిమీద గీత పడనివ్వకూడదు, పగులు అక్కడే మొదలవుతుంది.

◆ పాత పోర్షే 911లో ముందు ఎత్తు మార్చడానికి ఒక మర చాలు. వెనుక మాత్రం పళ్ల లెక్క ఉంది. కడ్డీకి ఒక కొసన 40 పళ్లు, రెండో కొసన 44. ఒక కొసను ఒక పన్ను ముందుకి, రెండో కొసను ఒక పన్ను వెనక్కి జరిపితే తేడా దాదాపు 0.8 డిగ్రీ మాత్రమే. ఎత్తును అంత సన్నగా సరిదిద్దుకోవచ్చు.

◆ అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ 1955లో ఎత్తు సరిదిద్దే పనిని ఎలక్ట్రిక్ మోటారుకి అప్పగించింది. వెనుక సీటు నిండినా, డిక్కీలో సామాను పెరిగినా మోటారు కడ్డీలను తిప్పి బండిని సమం చేసేది. ప్రతి గతుక్కీ కదలకుండా కొన్ని సెకన్లు ఆగి మరీ పనిచేసేది.

◆ అదే ఏడాది పారిస్ ప్రదర్శనలో కనిపించిన సిట్రోయెన్ డీఎస్‌లో స్ప్రింగులే లేవు. వాయువు, నూనె కలిసి బండిని మోసేవి. డ్రైవరు దగ్గరున్న మీటతో ఎత్తు మార్చుకోవచ్చు. టైరు మార్చాలంటే బండిని పైకి లేపి, కింద స్టాండు పెట్టి, మళ్లీ దించమంటే చాలు, చక్రమే పైకి లేచేది.

◆ బ్రిటన్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ ఎత్తు మారడానికి కారణం చట్టం. 1974లో అమెరికా నిబంధనల కోసం దాన్ని సుమారు 25 మిల్లీమీటర్లు లేపారు. మలుపుల్లో దాని పట్టు తగ్గింది. ఇప్పటికీ ఆ కార్ల యజమానులు చాలామంది పాత ఎత్తుకి దించుకుంటున్నారు.

◆ 1959లో వచ్చిన మినీని మోసేది రబ్బరు. అలెక్స్ మౌల్టన్ రూపొందించిన రబ్బరు శంకువులు ఏళ్లు గడిచేకొద్దీ అణగిపోతాయి, బండి కిందికి దిగుతుంది. దానికి మందు కొత్త రబ్బరే.

◆ కొలత తీయడంలోనే ఎక్కువమంది పొరబడతారు. జాకీ దించిన వెంటనే కొలిస్తే లెక్క తప్పుతుంది. చక్రాలు గాల్లో వేలాడినప్పుడు లోపలికి ముడుచుకుంటాయి. నేల తాకాక టైరు పట్టు వాటిని తిరిగి విచ్చుకోనివ్వదు, బండి ఉండాల్సినదానికంటే ఎత్తుగా కనిపిస్తుంది. కారును కొన్ని అడుగులు ముందుకీ వెనక్కీ నెట్టి, ముందు భాగాన్ని నాలుగైదుసార్లు నొక్కి వదిలాకే టేపు తీయాలి. నేల సమంగా, టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలిస్తే టైరు అరుగుదల లెక్కలోకి రాదు.

◆ ఒక పక్క లేపితే రెండో పక్క కూడా కదులుతుంది. అందుకే రెండువైపులా కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతిసారీ కొలవాలి. వెనుక కమాన్లు ఒక పక్క కుంగినా ముందు భాగం ఒరిగినట్టు కనిపిస్తుంది. వాటిని చూడకుండా పానా పట్టకూడదు.

◆ చక్రాన్ని మోసే చేతి కీళ్లలోని రబ్బరు బుష్‌ల బోల్టులను బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరిగా బిగించాలి. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, నేలకి దించగానే రబ్బరు మెలిపడి చినుగుతుంది, ఎత్తునూ తప్పుగా చూపిస్తుంది.

◆ ఎత్తు మారితే చక్రాల వాలు, వాటి దిశ మారతాయి, హెడ్‌లైట్ల వెలుగు పడే చోటూ మారుతుంది. కాబట్టి వీల్ అలైన్‌మెంట్, లైట్ల సర్దుబాటు చేయించాకే పని పూర్తయినట్టు.

ఇంట్లో పాత కారు ఉన్నవాళ్లకి ఒక్క మనవి. చుట్ట స్ప్రింగులున్న బండిని దించడానికి వాటిని కోయకండి, మంటతో కాల్చకండి. కాలిస్తే ఉక్కు బలం పోతుంది. బరువు మోస్తున్న కడ్డీ బోల్టును సొంతంగా విప్పకండి, అందులో దాగిన బలం చేతులు విరగ్గొట్టగలదు. మీ కారు మాన్యువల్‌లో ఎత్తు ఎంత ఉండాలో చూసి, ముందు కొలవండి. కుంగడానికి కారణం తెలిశాకే తిప్పించండి.