కొండవాలు మెట్ల దారుల పునర్నిర్మాణం – పరిశీలించవలసిన అంశాలు

విజయవాడ నగరంలో వన్‌టౌన్ పరిసరాలు మొదలుకొని మొగల్రాజపురం, గుణదల వరకు గల కొండవాలులపై వేలాది కుటుంబాలు దశాబ్దాలుగా నివసిస్తున్నాయి. ఈ ఇళ్లలో అనేకం రోడ్డుతో సంబంధం లేనివి. వాటికి గల ఏకైక మార్గం మెట్ల దారి. బడికి వెళ్లే పిల్లలు, మార్కెట్టుకు వెళ్లే కూలీలు, ఆసుపత్రికి తరలించవలసిన రోగులు, చివరకు అంతిమయాత్ర సైతం ఆ మెట్ల మీదుగానే సాగాలి. నిండు వంటగ్యాస్ సిలిండరు సుమారు 30 కిలోలు, 20 లీటర్ల నీటి డబ్బా 20 కిలోలకు పైగా బరువు ఉంటాయి. వీటిని భుజాన వేసుకుని రోజూ ఎక్కే దారిని పాదచారుల సౌకర్యంగా కాక, ఆ నివాసాల ప్రధాన రహదారిగా పరిగణించి రూపకల్పన చేయవలసి ఉంటుంది.

ఈ దారులలో అధిక భాగం ఒక ప్రణాళిక ప్రకారం నిర్మించినవి కావు. ఇళ్లు పైకి పాకిన కొద్దీ మెట్లు కూడా విడతలు విడతలుగా పైకి పాకాయి. ఒక విడత రాతి కట్టడం కాగా, దానిపై విడత సిమెంటుతోనూ, ఆ పై విడత కడప రాళ్లతోనూ ఉండడం సాధారణంగా కనిపించే దృశ్యం. ఫలితంగా మెట్టుకూ మెట్టుకూ ఎత్తులో తేడా ఏర్పడింది. చూపుకు స్వల్పంగా తోచే ఈ తేడాయే అనేక ప్రమాదాలకు మూలం. మెట్లు ఎక్కే మనిషి మొదటి రెండు, మూడు మెట్ల ఎత్తును బట్టి మిగిలిన వాటిని అంచనా వేసుకుని, ఆ తరువాత కిందికి చూడకుండానే అడుగులు వేస్తాడు. మధ్యలో ఒక్క మెట్టు అర అంగుళం హెచ్చినా కాలు తగులుతుంది, తగ్గినా తూలిపడతాడు. అమెరికాలో అమలులో ఉన్న అంతర్జాతీయ భవన నియమావళి ఒక వరుసలోని మెట్ల మధ్య 9.5 మిల్లీమీటర్లకు మించిన తేడాను అనుమతించదు. పాత మెట్లపై కేవలం మరో పూత సిమెంటు వేసి మరమ్మతు పూర్తయినట్లు భావించడం ఈ కారణంగానే సరికాదు. పూత మందం అన్ని మెట్లకూ సమానంగా పడదు. పైగా అట్టడుగు మెట్టు ఎత్తు పెరిగి, చివరి మెట్టు ఎత్తు తగ్గుతుంది.

మెట్టు కొలతలకు సంబంధించి 17వ శతాబ్దపు ఫ్రెంచి వాస్తుశిల్పి ఫ్రాన్స్వా బ్లాండెల్ ప్రతిపాదించిన సూత్రం నేటికీ ఇంజనీర్లకు ఆధారం. మెట్టు ఎత్తుకు రెట్టింపునకు వెడల్పును కలిపితే, నేటి వాడుక ప్రకారం, 600 నుంచి 640 మిల్లీమీటర్ల మధ్య రావాలి. దివ్యాంగులకు, వయోవృద్ధులకు అనుకూలమైన నిర్మాణాల కొరకు కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ రూపొందించిన మార్గదర్శకాలు 150 మిల్లీమీటర్లకు మించని ఎత్తు, 300 మిల్లీమీటర్లకు తగ్గని వెడల్పు, 12 మెట్లకొక చప్టా ఉండాలని సూచిస్తున్నాయి.

అసలు చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. ఉదాహరణకు 30 మీటర్ల ఎత్తు ఎక్కవలసిన దారిని తీసుకుంటే, 225 మిల్లీమీటర్ల ఎత్తు, అంతే వెడల్పు గల పాత మెట్లు సుమారు 133 ఉంటాయి. అవి నేలపై ఆక్రమించే పొడవు 30 మీటర్లు మాత్రమే. అదే ఎత్తును 150 మిల్లీమీటర్ల మెట్లతో ఎక్కడానికి 200 మెట్లు, 60 మీటర్ల పొడవు అవసరం. 12 మెట్లకొకటి చొప్పున 1.2 మీటర్ల చప్టాలు పదహారింటిని చేర్చితే మొత్తం 80 మీటర్లకు చేరువవుతుంది. ఇరువైపులా ఇళ్లు ఒత్తుగా ఉన్న సందులో అంత చోటు లభించదు. ర్యాంపు విషయం మరింత కష్టసాధ్యం. 12కు 1 వాలు ప్రకారం 30 మీటర్ల ఎత్తుకు చప్టాలు కాక 360 మీటర్ల ర్యాంపు కావాలి. కనుక కొండ దారి మొత్తానికి ఒకే నమూనాను వర్తింపజేయడం సాధ్యం కాదు. దిగువ భాగంలో, జన సంచారం ఎక్కువగా ఉండే చోట ప్రమాణాల ప్రకారం మెట్లను మలుపులు తిప్పి నిర్మించడం, ఎగువన చోటు లేని భాగంలో కనీసం ఎత్తులను సమం చేసి, ఇరువైపులా రెయిలింగు, తరచుగా చప్టాలు ఏర్పాటు చేయడం ఆచరణ సాధ్యమైన మార్గం. ఏ ఇంటి అరుగునైనా తొలగించవలసి వస్తే ఆ కుటుంబంతో ముందుగా చర్చించాలి. పని మధ్యలో వివాదం తలెత్తితే సగం తవ్విన మెట్లే మిగులుతాయి.

యాంత్రిక సదుపాయాలు కల్పించిన నగరాలు లేకపోలేదు. కొలంబియాలోని మెడెజిన్ నగరంలో కొమునా 13 అనే కొండవాలు బస్తీలో 2011 డిసెంబరులో ఆరు భాగాలుగా సుమారు 384 మీటర్ల ఎస్కలేటర్లను ప్రారంభించారు. హాంకాంగ్‌లో 1993 నుంచి నడుస్తున్న 800 మీటర్ల ఎస్కలేటరు మార్గం ఉదయం వేళ కిందికి, ఆ తరువాత పైకి నడుస్తుంది. అయితే ఇటువంటి వాటికి నిరంతర విద్యుత్తు, శిక్షణ పొందిన సిబ్బంది, విడిభాగాలు అవసరం. ఎస్కలేటరు నిలిచిన రోజున పక్కన మెట్లు లేకపోతే బస్తీ స్తంభించిపోతుంది.

మెట్ల దారికి ప్రధాన శత్రువు నీరు. వర్షం కురిసినపుడు కొండపై నుంచి వచ్చే నీటికి మెట్లే కాలువ అవుతాయి. ఆ నీరు మెట్ల అడుగున మట్టిని కొట్టుకుపోయి, పైకి గట్టిగా కనిపించే మెట్టు లోపల గుల్ల అవుతుంది. 2021 నవంబరు వర్షాలకు తిరుమల శ్రీవారి మెట్టు మార్గం దెబ్బతినగా, మరమ్మతుల అనంతరం 2022 మే నెలలో గాని భక్తులను అనుమతించలేదు. విజయవాడలోనే 2024 ఆగస్టు 31న భారీ వర్షాలకు మొగల్రాజపురంలో కొండ చరియ విరిగిపడి పలువురు ప్రాణాలు కోల్పోయారు. కాబట్టి రక్షణ గోడ, మురుగు కాలువ, మెట్లు అనే మూడు పనులకు వేర్వేరు అంచనాలు కాక, ఒకే అంచనా ఉండడం శ్రేయస్కరం. మెట్ల పక్కన కప్పు గల కాలువ, రక్షణ గోడలో నీరు బయటకు పోయే రంధ్రాలు, ప్రతి మెట్టుకూ ముందుకు స్వల్ప వాలు తప్పనిసరి. మంచినీటి పైపులను మెట్లపై పరచకుండా పక్కనే ప్రత్యేక గాడిలో అమర్చాలి. పైపు పగిలిన ప్రతిసారీ మెట్లు పగులగొట్టే అవసరం దానితో తప్పుతుంది.

ఉపరితలం విషయంలో మెరుగు పెట్టిన గ్రానైటు చూడముచ్చటగా ఉన్నప్పటికీ తడిసినపుడు ప్రమాదకరం. కడప రాళ్లు సైతం ఏళ్ల తరబడి నడకకు అరిగి నున్నబడతాయి. గరుకుగా చెక్కిన రాయి, లేదా గీతలు తీసిన కాంక్రీటు మేలు. మెట్టు అంచున భిన్న రంగు పట్టీ ఉంటే చూపు మందగించిన వృద్ధులు దిగేటపుడు అంచును గుర్తించగలుగుతారు. రెయిలింగు 900 మిల్లీమీటర్ల ఎత్తున ఒకటి, పిల్లలకు అందే విధంగా 760 మిల్లీమీటర్ల ఎత్తున మరొకటి ఉండాలి. మొదటి, చివరి మెట్లను దాటి 300 మిల్లీమీటర్ల వరకు అది కొనసాగాలి.

జన సమ్మర్దం గల చోట రెయిలింగు బలం, మెట్ల వెడల్పు ప్రాణాధారాలు. ముంబయిలోని ఎల్ఫిన్‌స్టన్ రోడ్ రైల్వే స్టేషన్ వంతెన మెట్లపై 2017 సెప్టెంబరు 29న వర్షం వేళ జరిగిన తొక్కిసలాటలో 23 మంది మరణించారు. అక్కడ సైన్యం నిర్మించిన కొత్త వంతెన 2018 ఫిబ్రవరిలో అందుబాటులోకి వచ్చింది. వెడల్పాటి మెట్లకు మధ్యలో కూడా రెయిలింగు వేయడం వల్ల ఎక్కేవారు, దిగేవారు వేర్వేరు వరుసలలో సాగుతారు.

చట్టపరంగా చూస్తే, దివ్యాంగుల హక్కుల చట్టం 2016 అనుసారం ప్రజోపయోగ నిర్మాణాలు అందరికీ అందుబాటులో ఉండాలి. 2017 నాటి నిబంధనలలో ఈ ప్రమాణాలు సిఫారసుల రూపంలోనే ఉండడాన్ని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న ఇచ్చిన తీర్పులో తప్పుపట్టి, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించవలసిందిగా కేంద్రాన్ని ఆదేశించింది. మెట్ల మొదట్లో పూలు, కూరగాయలు అమ్ముకునేవారికి వీధి విక్రయదారుల చట్టం 2014 రక్షణ కల్పిస్తున్నది. వారి స్థలాన్ని రూపకల్పనలోనే చూపితే, తరువాత వారు మెట్లపైకి జరిగే అవసరం ఏర్పడదు.

పని జరిగే కాలంలో దారిని పూర్తిగా మూసివేయరాదు. వెడల్పు అనుమతించిన చోట సగభాగం చొప్పున, లేనిచోట ప్రత్యామ్నాయ దారిని ముందుగా సిద్ధపరచి, పనులు చేపట్టాలి. స్ట్రెచరు మలుపు తిరిగేంత చోటు తాత్కాలిక దారిలో సైతం అవసరం. అంచనాలు తయారు చేసే ఇంజనీర్లు పగటి వేళ మాత్రమే గాక, ఒకసారి రాత్రి, ఒకసారి వర్షం కురుస్తున్నపుడు ఆ మెట్లు ఎక్కి చూడడం అవసరం. ఏ దీపం ఎక్కడ చాలదో, నీరు ఏ మెట్టు వద్ద దారి మళ్లుతుందో నివాసితులకు కంఠతా వచ్చు గనుక, కొలతల పుస్తకంలో వారు చెప్పిన వివరాలను కూడా నమోదు చేయవలసి ఉంటుంది.