పాత రైఫిలు రంధ్రపు గురిసాధనములను గుర్తించుట ఎట్లు?

రైఫిలు పేల్చువాని కంటికి ఒక చిక్కు కలదు. కంటికి సమీపముననున్న వెనుక గురి, గొట్టపు కొననున్న ముందు గురి, ఎదుటనున్న లక్ష్యము - ఈ మూడింటిని అతడు ఒకే సరళరేఖపైకి తేవలెను. కాని కంటిలోని కటకము ఒక సమయమున ఒక దూరమునందలి వస్తువునే స్పష్టముగా చూపగలదు. ముందు గురిని స్పష్టముగా చూచినచో వెనుక గురిలోని గాడి మసకబారును.

గాడికి బదులు చిన్న రంధ్రము నుంచినచో ఈ చిక్కు చాలవరకు తీరును. రంధ్రపు అంచును స్పష్టముగా చూడవలసిన పని లేదు. అది మసక వలయముగా కనబడినను, దాని నడిమి భాగమును కన్ను సహజముగనే పట్టుకొనును. అంతేగాక, కంటిపాపకంటె చిన్నదైన రంధ్రము కటకపు అంచులను చేరు కిరణములను అడ్డును. అందువలన దగ్గరి వస్తువు, దూరపు వస్తువు రెండును ఒకేసారి తగినంత స్పష్టముగా కనబడును. విద్యార్థులు దీనిని సులభముగా పరీక్షింపవచ్చును. ఒక అట్టముక్కకు గుండుసూదితో రంధ్రము చేసి కంటికి దగ్గరగా పట్టుకొనుడు. అక్షరములు మసకబారునంత దగ్గరకు పుస్తకమును తెచ్చి, రంధ్రము గుండా చూడుడు. అక్షరములు స్పష్టపడును, కాని వెలుతురు తగ్గును.

ఈ లాభమును ఈ నష్టమును దృష్టియందుంచుకొన్నచో, ఎక్కడనో దొరకిన పాత రంధ్రపు గురిసాధనము ఏ కాలమునకు, ఏ పనికి చెందినదో చాలవరకు చెప్పవచ్చును. అందులకు మూడు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటి ప్రశ్న: రంధ్రము ఎంత పెద్దది? ఒక మిల్లీమీటరుకు అటునిటుగా నున్న సన్నని రంధ్రము, దాని చుట్టు వెడల్పయిన పళ్లెము ఉన్నచో అది పందెపు రైఫిలుది. పందెములో వెలుతురు ఉండును, తొందర ఉండదు. రంధ్రము పెద్దదై అంచు పలుచగా నున్నచో అది వేటకో, యుద్ధమునకో చేసినది. అచట క్షణములో గురి చూడవలెను, వెలుతురు చాలకపోవచ్చును. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమునకు చెందిన విలియం లైమన్ 1879లో పేటెంటు పొందిన సాధనము ఇట్టి పలుచని అంచు, పెద్ద రంధ్రము గలదే.

రెండవ ప్రశ్న: అది రైఫిలుపై ఎచట కూర్చున్నది? రంధ్రము కంటికి దగ్గరగా నున్నప్పుడే బాగుగా పనిచేయును. కనుక దాని స్థానము వెనుకనే ఉండును. పత్ొమ్మిదవ శతాబ్దపు దూరపు పందెములలో అది చెక్కపిడి మెడపై మడత పడు నిలువు కమ్మిగా ఉండెను. 1874 సెప్టెంబరులో న్యూయార్కు సమీపముననున్న క్రీడ్‌మూర్ మైదానమున అమెరికా, ఐర్లండు జట్లు 800, 900, 1000 గజముల దూరములలో పోటీపడెను. అమెరికా జట్టు 934 - 931 తేడాతో, అనగా 3 పాయింట్లతో మాత్రమే గెలిచెను. ఆ నాటి దూరపు పందెపు రైఫిళ్లకు అమర్చినవి ఇట్టి కమ్మి గురులే.

సైనికుల రైఫిళ్లలో రంధ్రము పిడి మెడపై గాక, తూటా గదికి వెనుక భాగమున అమర్చబడెను. బ్రిటిషువారి 1914 నమూనా రైఫిలు, 1941 నుండి విరివిగా తయారైన లీ-ఎన్‌ఫీల్డ్ నాలుగవ నంబరు రైఫిలు ఇందులకు ఉదాహరణములు. మన దేశమున ఈశాపూర్ కర్మాగారములో తయారై, పోలీసుల చేతులలో చాలకాలము కనబడిన పాత .303 రైఫిలు వేరు. దాని వెనుక గురి గొట్టముపై ముందుకు జరిగియున్న గాడి, రంధ్రము కాదు. అట్టి రైఫిలుపై రంధ్రపు గురిసాధనము కనబడినచో, అది పందెము కొరకు తరువాత తగిలించినది కావచ్చునని గ్రహింపవలెను.

మూడవ ప్రశ్న ముఖ్యమైనది: అది ఎట్లు కొలుచుచున్నది? పాఠశాల ప్రయోగశాలలోని రెండు పనిముట్లు ఇచట మనకు తోడుపడును. క్రీడ్‌మూర్ కాలపు కమ్మిపై కనబడునది వెర్నియర్ స్కేలు. ఇరువదవ శతాబ్దపు పందెపు సాధనములలో దానికి తోడు స్క్రూ గేజి వంటి మర, దానిని త్రిప్పు పిడి, త్రిప్పినప్పుడెల్ల టిక్కుమను శబ్దము సామాన్యమయ్యెను. సైనిక సాధనములపై సామాన్యముగా దూరపు అంకెలు ఉండును. నాలుగవ నంబరు రైఫిలుకు రెండు విధములు కలవు: ఒకటి 300, 600 గజములకు రెండు రంధ్రములతో అటునిటు మడచునది, రెండవది 200 నుండి 1300 గజముల వరకు జరుపునది.

టిక్కులను లెక్కించి మరియొక విషయము తెలిసికొనవచ్చును. కోణమానములో నిమిషము డిగ్రీలో 60వ వంతు. గురి ఒక నిమిషము మారవలెనన్న, రెండు గురుల మధ్య దూరములో 3438వ వంతు మేర వెనుక గురిని జరుపవలెను. ఆ దూరము 70 సెంటీమీటర్లైనచో ఇది సుమారు 0.2 మిల్లీమీటరు. ఇంత స్వల్పమైన మార్పు 1000 గజముల దూరమున సుమారు 27 సెంటీమీటర్ల తేడా తెచ్చును. వెర్నియర్ ఎందులకు కావలసివచ్చెనో ఇప్పుడు విశదమగును.

ఈ లెక్కను తలక్రిందులు చేయుదము. ఒక సాధనపు మరకు అంగుళమునకు 40 చుట్లు, ఒక చుట్టుకు 12 టిక్కులు, ఒక్కొక్క టిక్కు పావు నిమిషము అనుకొందము. ఒక చుట్టునకు జరుగునది 0.635 మిల్లీమీటరు; ఒక టిక్కునకు సుమారు 0.053 మిల్లీమీటరు. పావు నిమిషమునకు ఇంత కావలెనన్న రెండు గురుల మధ్య దూరము సుమారు 73 సెంటీమీటర్లు ఉండవలెను. ఆ సాధనము 60 సెంటీమీటర్ల దూరము గల రైఫిలుపై కనబడినచో, అది మరియొక రైఫిలు నుండి తెచ్చి అతికించినదేమో యని అనుమానింపవలెను. ఇది అనుమానమే గాని తీర్పు కాదు; ఒకే సాధనమును పలు రైఫిళ్లకు అమర్చుట కూడ కలదు. మరల చుట్లను, రంధ్రముల స్థానములను పోల్చిన పిమ్మటనే నిర్ణయింపవలెను.

తయారీదారు పేరును చదువునప్పుడును జాగ్రత్త అవసరము. ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నగరమున ఏ. జి. పార్కర్, ఏ. జె. పార్కర్ అను రెండు వేర్వేరు సంస్థలుండెను. మొదటిదే తరువాత పార్కర్-హేల్ అయ్యెను. ఒక్క అక్షరము అరిగిపోయినచో ఒకరి పని మరియొకరి పేర జమయగును. పార్కర్-హేల్ సాధనములలో 5ఏ పాత .303కు, 5సి నాలుగవ నంబరుకు చేసినవి. వీనిని తారుమారు చేసి పట్టికలో వ్రాసినచో రైఫిలు చరిత్రయే తారుమారగును.

కనుక ఇట్టి వస్తువు చేతికి వచ్చినప్పుడు మెరుగు కొరకు ఇసుక కాగితముతో రుద్దరాదు. అంకెలు, సన్నని గీతలు, అక్షరములు దాని సాక్ష్యములు. ఒకసారి చెరిగిన గీతను ఏ లెక్కయు తిరిగి తేలేదు. మెత్తని గుడ్డతో దుమ్ము తుడిచి, వెలుతురును ప్రక్కనుండి పడనిచ్చి, భూతద్దముతో చదువవలెను, కొలతలు వ్రాసికొనవలెను.

రంధ్రపు గురిసాధనము నేటికిని పాతబడలేదు. 2012 లండన్ ఒలింపిక్సులో హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో కాంస్య పతకము గెలిచినప్పుడు చూచినది ఇట్టి రంధ్రము గుండానే. నూటయేబది సంవత్సరములలో లోహము మారెను, మర మారెను. సన్నని రంధ్రము కంటికి చేయు ఉపకారము మాత్రము మారలేదు.