కాల్షియం తెరిచే తలుపు: సికిల్ సెల్ రోగికి నీళ్లు ఎందుకంత ముఖ్యం?

సికిల్ సెల్ వ్యాధి ఉన్న బిడ్డ తల్లిదండ్రులకు డాక్టర్లు తరచూ చెప్పే మాట, ‘నీళ్లు బాగా తాగించండి’ అని. ఇంత పెద్ద జబ్బుకు ఇంత చిన్న సలహా ఏమిటని చాలామంది అనుకుంటారు. ఈ సలహా వెనుక ఉన్న కారణం ఎర్ర రక్తకణం పొరలో ఉంది. అది తెలిస్తే ఆ మాటను ఎవరమూ తేలిగ్గా తీసుకోం.

ఎర్ర రక్తకణం లోపల పొటాషియం ఎక్కువ, బయటి రక్తద్రవంలో తక్కువ. ఈ తేడా 20 రెట్లకు పైనే ఉంటుంది. కాల్షియం సంగతి దీనికి తలకిందులు. అది బయట ఎక్కువ, లోపల దాదాపు లేనంత తక్కువ. లోపలికి చొరబడిన కాస్త కాల్షియాన్నీ కణం ఎప్పటికప్పుడు బయటికి తోసేస్తుంది.

కణం పొరలో పొటాషియం మాత్రమే దాటగల సన్నని దారులున్నాయి. వీటినే పొటాషియం చానళ్లు అంటారు. ఇలాంటి ఒక చానల్ ఆకృతిని 1998లో బయటపెట్టిన అమెరికా శాస్త్రవేత్త రోడరిక్ మెకినన్‌కు 2003లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి దక్కింది. ఈ చానళ్లలో కొన్ని విద్యుత్ మార్పులకు తెరుచుకుంటాయి, మరికొన్నింటికి కాల్షియం అయానే తాళంచెవి.

ఎర్ర రక్తకణంలో ఉన్నది రెండో రకం. కణంలో కాల్షియం పెరిగితే పొటాషియం బయటికి పోతుందని హంగేరీ శాస్త్రవేత్త గార్డోష్ 1958లో చూపించాడు. అందుకే ఆ చానల్‌కు ఆయన పేరే స్థిరపడింది. చానల్‌ను అంటిపెట్టుకుని కాల్మోడ్యులిన్ అనే చిన్న ప్రోటీన్ ఉంటుంది. కాల్షియం వచ్చి దానిమీద కూర్చోగానే దాని ఆకారం మారి చానల్ తెరుచుకుంటుంది. పొటాషియం బయటికి పోతుంది, దాని వెంట క్లోరైడు, ఆ వెనుకే నీరు కూడా పోతాయి. కణం ఎండి ముడుచుకుంటుంది.

ఆరోగ్యవంతుల కణాల్లో ఈ తలుపు దాదాపు ఎప్పుడూ మూసే ఉంటుంది. సికిల్ సెల్ రోగుల్లో అలా కాదు. వారి హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను వదలగానే ఒకదానికొకటి అతుక్కుని గట్టి పోగులవుతుంది. కణం కొడవలిలా వంగుతుంది, పొర దెబ్బతిని కాల్షియం లోపలికి వస్తుంది, తలుపు తెరుచుకుంటుంది. నీరు పోయేకొద్దీ హిమోగ్లోబిన్ చిక్కబడుతుంది. కాస్త చిక్కబడినా పోగులు కట్టే వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అలా ఒక కీడు మరో కీడును పెంచుతూ పోతుంది. గట్టిపడిన కణాలు సన్నని రక్తనాళాల్లో అడ్డుపడితే భరించలేని నొప్పి మొదలవుతుంది.

జ్వరం, వాంతులు, విరేచనాలు, ఎండ వల్ల ఒంట్లో నీరు తగ్గితే రక్తద్రవం చిక్కబడి కణాల్లోని నీటిని ఇంకా లాగేస్తుంది. నీళ్లు తాగితే కాల్షియం తలుపు మూసుకోదు గానీ, ఈ రెండో నష్టం తప్పుతుంది. డాక్టర్ల సలహాలోని అర్థం ఇదే.

మరి ఆ తలుపునే మందుతో మూసేస్తే? సెనికపాక్ అనే మందుతో ఆ ప్రయత్నమూ జరిగింది. హిమోగ్లోబిన్ పెరిగింది గానీ నొప్పులు తగ్గలేదు. ఈ జబ్బు గొలుసులో ఆ తలుపు ఒక లింకు మాత్రమేనని దీన్నిబట్టి తెలుస్తోంది. అందుకే డాక్టరు రాసిన హైడ్రాక్సీయూరియా మానేసి నీళ్లనే నమ్ముకోవడం ప్రమాదం.

ఈ వ్యాధి మన రెండు తెలుగు రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లో ఎక్కువ. మనవాళ్లెందరో ఉపాధికి వెళ్లే సౌదీ అరేబియా తూర్పు ప్రాంతంలోనూ ఉంది. అక్కడ 2004 నుంచి పెళ్లికి ముందు ఈ పరీక్ష తప్పనిసరి. మన దేశంలో 2047 నాటికి దీన్ని నిర్మూలించాలని 2023 జూలై 1న జాతీయ మిషన్ మొదలైంది.

పాఠకులకు మేము చేసే మనవులు మూడు. ఒకటి, సికిల్ సెల్ రోగి రోజా పాటించాలనుకుంటే ముందుగా డాక్టరును అడగాలి. పగలంతా నీళ్లు లేకపోవడం వారికి ప్రమాదం కావచ్చు. రోగులకు ఇస్లాం సడలింపు ఇచ్చింది, దాన్ని వాడుకోవడంలో తప్పు లేదు. రెండు, జ్వరం గానీ నొప్పి గానీ వస్తే ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మూడు, కుటుంబంలో ఈ జబ్బు ఉంటే, ముఖ్యంగా దగ్గరి బంధువుల మధ్య సంబంధం అనుకుంటే, నిఖాకు ముందే ఇద్దరికీ రక్తపరీక్ష చేయించాలి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. వాహకులు రోగులు కారు. పరీక్షలో తేలిందన్న కారణంతో ఏ ఆడపిల్లనూ తక్కువగా చూడవద్దు. ఆ లోపం అబ్బాయి రక్తంలోనూ అంతే సులభంగా ఉండవచ్చు.